కణుజు కొరకని చిగుళ్ళు

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళంతా నన్ను అడిగే మొదటి మాట, కంగారూని చూశావా అని. చూశాను. రోడ్డు పక్కన గడ్డిలో మోచేతి మీద ఆనుకుని పడుకుని, కాఫీ ఇంకా రాలేదేమని చూస్తున్న పెళ్ళివారి పెద్దమనిషిలా ఉంది. రెండు నిమిషాలు చూసి వచ్చేశాను. అంత దూరం విమానమెక్కి వెళ్ళి నేను నాలుగు రోజులు వెంటపడింది మాత్రం కణుజుల వెనక. అవును, మన నల్లమల కణుజులే. జింక జాతిలోకెల్లా పెద్దవి. పెద్ద కొమ్ములు, ముతక బొచ్చు, ఎప్పుడూ ఏదో అనుమానం ఉన్నట్టు నిలబెట్టిన చెవులు. అవి అక్కడికెలా వెళ్ళాయో తర్వాత చెబుతాను. ముందు నేనెలా వెళ్ళానో చెప్పాలి.

మా చెల్లెలి కూతురు నీరజ. వాళ్ళ నాన్న శ్రీశైలం అడవిలో గార్డు కాబట్టి పిల్ల అడవి క్వార్టర్సులోనే పెరిగింది. ఇప్పుడు మెల్బోర్న్‌లో అడవుల మీదే పెద్ద చదువు చదువుతోంది. తల్లిని రమ్మని పిలిస్తే, మా చెల్లెలు విమానం పేరు విని మూడు రోజులు మంచం దిగలేదు. “నువ్వన్నా రా పెద్దమ్మా” అంది నీరజ ఫోన్లో. మా ఆయన “మేకల్ని నేను చూసుకుంటాలే, పోయి రా” అన్నాడు. మాకు ఇరవై రెండు మేకలు. ఏది ఎక్కడ మేస్తుందో, ఏది ఎవరి చేలో పడుతుందో, ఏది పాలివ్వకుండా దొంగేడుపు ఏడుస్తుందో అంతా ఒక పుస్తకంలో వివరంగా రాసిచ్చాను. నలభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని, రాయడమంటే నాకు అంత సరదా. ఆయనకు చదవడం రాదన్న సంగతి విమానం గాల్లోకి లేచాక గుర్తొచ్చింది.

వెర్రిబీ

నీరజ వాళ్ళది వెర్రిబీ అనే ఊరు. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి రోజు నడిచి వస్తానని వెళ్ళి, పక్క వీధిలో ఎవరి తలుపో కొట్టి, తీసినావిడ పక్కనుంచే లోపలికి వెళ్ళి చెప్పులు విప్పాను. ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

నీరజ భర్త మధుది కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని. నేను వెళ్ళింది 1999 డిసెంబరు. నెల తిరిగి 2000 రాగానే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుంటాయని ప్రపంచమంతా భయం. మధు రోజూ ఆఫీసులో ఆ జబ్బు నయం చేసి వచ్చి, ఇంట్లో బియ్యం మూటలు పేర్చేవాడు. నీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు, టార్చిలైట్లు కూడా.

“అదేంది నాయనా, బాగుచేసేది నువ్వే కదా, నీకే నమ్మకం లేదా?” అని అడిగాను.

“నా పని మీద ఉంది అత్తయ్యా. మా పక్క సీటువాడి పని మీదే లేదు” అన్నాడు.

ఆ నెలంతా అతనికి లీవు లేదు. దాంతో నీరజకు చిక్కొచ్చింది. వాళ్ళ యూనివర్సిటీ నియమం ప్రకారం అడవికి ఒంటరిగా వెళ్ళకూడదు, రెండో మనిషి ఉండాలి. ఎప్పుడూ ఆ రెండో మనిషి మధు. ఈసారి నేను. ఏవో కాయితాల మీద తెలుగులో సంతకం పెట్టాను. అనుభవం అన్న చోట నీరజ “మేకలు, ముప్పై ఏళ్ళు” అని ఇంగ్లీషులో రాసింది.

ఆలుగడ్డ పై

కొండల దారిలో మాన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఆగాం. అక్కడ రొట్టెల దుకాణంలో ‘పై’ అని ఒకటి తింటారు. మన కర్రీపఫ్‌కి దూరపు చుట్టం, కాకపోతే కారం అన్నది దాని పక్క నుంచి కూడా పోలేదు. ఆలుగడ్డ పై ఒకటి రెండున్నర డాలర్లు. మన లెక్కలో డెబ్బై రూపాయలు. దాని మీద ఎర్రగా పోసింది చూసి ఊరగాయ రసమనుకుని సంబరంగా కొరికాను. తియ్యటి టమాటా.

తింటూ నీరజ తన పని సంగతి చెప్పింది. కొండ మీద అడవిలో ఎనిమిది చోట్ల కంచెలు వేయించింది. కంచె లోపలికి కణుజు రావడానికి లేదు, బయట దాని ఇష్టం. లోపలి మొక్క మూడేళ్ళలో ఎంత పెరిగింది, బయటిది ఎంత పెరిగింది అని కొలవాలి. అదే చదువు.

“రెండేళ్ళ కొలతలు అయిపోయాయి పెద్దమ్మా. ఇది ఆఖరుది. దీంట్లో తేడా వస్తే మళ్ళీ కొలవడానికి టైం లేదు. జూన్‌తో నా స్కాలర్‌షిప్ అయిపోతుంది. డేటా చెడిపోతే మూడేళ్ళూ పోయినట్టే.”

“ఎందుకు చెడిపోతుంది? నేనున్నా కదా” అన్నాను. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

చెక్క ఇల్లు

కొండ మీద యూనివర్సిటీవాళ్ళు వాడుకునే చెక్క ఇల్లుంది. పక్కనే వాగు. చెట్లు ఎంత పొడుగంటే, పైకి చూస్తే నా తలగుడ్డ జారి కింద పడింది. ఇంటి ముందు ఒక జీపు ఆగి ఉంది. గడ్డం మనిషి ఒకడు దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పేరు రస్. కణుజుల్ని వేటాడతాడు, అక్కడ దానికి లైసెన్సు ఇస్తారు. నేను ఇండియా నుంచి వచ్చానని నీరజ చెప్పగానే అతను టోపీ తీసి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

కారణం ఏమంటే, వందేళ్ళకు ముందే అక్కడి దొరలు వేట సరదా కోసం మన వైపు నుంచి కణుజుల్ని ఓడల్లో తెప్పించి వదిలారట. అవి కొండలెక్కి, పిల్లల్ని పెట్టి, మనవల్ని ఎత్తి, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. మధు పాపం అక్కడ ఉండిపోవడానికి కాయితాలు పెట్టి రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. వీటిని కాయితం అడిగిన నాథుడు లేడు.

“మీ కణుజులు చాలా మంచివి” అన్నాడట రస్. “చెట్లు తినేది కణుజు కాదు, వాలబీ. ఈ అమ్మాయి ఊరికే వాటి మీద నింద వేస్తోంది.”

వాలబీ అంటే పొట్టి నల్ల కంగారూ. అక్కడి సొంత జంతువు. నీరజకూ రస్‌కూ మూడేళ్ళుగా ఇదే పోట్లాట. అయినా నీరజ కారు బురదలో దిగబడితే లాగేది రస్ జీపే.

వెళ్తూ వెళ్తూ అతను వాగు పక్కన ఒక మొక్క చూపించాడు. ఎర్రటి కాడ, నున్నటి ముదురాకు. ఆకు తుంచి నమిలి, నన్నూ నమలమన్నాడు. ముందు ఏమీ లేదు. పది అంకెలు లెక్కపెట్టేలోపు నోట్లో మిరియాల బస్తా పగిలింది. ఆ దేశంలో దిగాక నాలుక మీద తగిలిన మొదటి కారం అదే. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రస్ మంటకనుకున్నాడు. సగమే మంటకి.

పొద్దు వాలుతుండగా వాగు దగ్గర గిన్నెలు తోముతున్నాను. అవతలి గట్టు నుంచి “డాంక్” అని కణుజు అరిచింది. మా అడవిలో ఆ అరుపు వినబడిందంటే పులి దిగిందని అర్థం. గిన్నెలు అక్కడే వదిలి లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాను.

“ఇక్కడ పులి లేదు పెద్దమ్మా” అంది నీరజ.

“మరి అదెందుకు అరిచింది?”

“నిన్ను చూసి.”

పులి లేదు, చిరుత లేదు, రేచుకుక్క లేదు. తినేవాడు లేకపోతే తినబడేవాటికి హద్దేముంటుంది? ఆ అడవికి పులి అంటే రస్ ఒక్కడే, అతనూ సెలవు రోజుల్లోనే వస్తాడు.

పెంటికల లెక్క

రెండో రోజు కంచెల దగ్గరికి నడిచాం. మధు బూట్లు నాకిచ్చారు. మూడు జతల మేజోళ్ళు తొడిగినా, నేను ముందుకు నడిస్తే బూట్లు కాసేపాగి వచ్చేవి.

మనిషికి రెండింతల ఎత్తున ఇనుప వల. లోపల మొక్కలు నడుం ఎత్తున, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. బయట గచ్చు ఊడ్చినట్టుంది. పెద్ద చెట్లు ఉన్నాయి, వాటి కింద పిల్లచెట్టు ఒక్కటి లేదు. కణుజు తినని ముళ్ళ తుప్పలూ, గరుకాకులూ మాత్రం మిగిలాయి. కొన్ని చెట్లకు కొమ్ములతో రుద్ది బెరడు ఊడగొట్టాయి. పల్లంలో బురదగుంట చేసుకుని పొర్లాయి.

“ఈ ముసలి చెట్లు పోతే వీటి చోట నిలబడ్డానికి ఎవరూ లేరు. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది పెద్దమ్మా. కిందికి చూడాలి” అంది నీరజ.

నాకు వేరే చెప్పక్కర్లేదు. మేకలు రోజూ తిరిగే గుట్ట మీద చివరికి మిగిలేది తంగేడే. అది మేక ముట్టదు. ఎవరైనా మా గుట్ట చూసి, ఎంత బాగా పూసిందో అంటే నేను తల దించుకుంటాను.

తర్వాత నీరజ నేల మీద తాడు పరిచి, దాని వెంబడి వంగి పెంటికలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను కాసేపు చూశాను.

“నీరజా, ఇది మీ అమ్మకు తెలుసా?”

“ఏది?”

“ఇంత దూరం వచ్చి, ఇంత చదువుకుని నువ్వు చేసేది ఇదని?”

“తెలీదు. చెప్పకు.”

సరే, నాకు వచ్చిన పని కాబట్టి నేనూ వంగాను. ఇది నిన్నటిది, ఇది వారం కిందటిది, ఇది తల్లిది, ఇది పిల్లది అని చెబుతుంటే నీరజ రాసుకుంది. ఒకచోట చతురస్రంగా, మైసూరుపాకు ముక్కల్లా ఉన్నాయి. వాంబాట్ అనే జంతువు చేసే ఘనకార్యమట. మా ఆయనకు చూపిద్దామని ఒకటి కొంగున కట్టుకున్నాను. విమానాశ్రయంలో జైల్లో వేస్తారని నీరజ విప్పించింది.

చీకటి పడకముందే ఇల్లు చేరాం. బూట్లు విప్పితే ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు, కుడి కాలికి రెండు జలగలు. జలగలు మా ఊరివాటికన్నా సన్నం, మర్యాద మాత్రం అంతే.

పెరడు

ఆ సాయంత్రమే నీరజ వాళ్ళ మేడం వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. తెల్ల జుట్టు, రాయిలాంటి పిక్కలు. నీరజ ఆమెను “హెలెన్” అని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. గురువుని అలా పిలుస్తావా అంటే ఇక్కడ అంతే అంది. నేను మాత్రం హెలెనమ్మ అనే అన్నాను. ఆఖరి కొలతలు ఆమె కళ్ళ ముందే జరగాలట.

మూడో రోజు పొద్దున్నే వాళ్ళిద్దరూ కొండెక్కారు. నేను పొక్కుతో ఇంట్లో ఉండిపోయాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. వంట చేద్దామని చూస్తే కందిపప్పు ఉంది, మిరపపొడి డబ్బా వెర్రిబీలోనే మరిచిపోయాం. రెండు రోజులుగా చప్పిడి తిండి. ఆకు కోసం ఇంటి వెనక్కి వెళ్ళాను.

ఇంటి వెనకే చిన్న మడి ఉంది. తల ఎత్తు వల, ముద్దొచ్చే చిన్న తలుపు, దానికి కొక్కెం. లోపల రకరకాల మొక్కలు, వాటి మధ్య రస్ చూపించిన ఆ కారపు మొక్క గుబురుగా ఉంది. నీరజ వాళ్ళ నాన్న క్వార్టర్సు వెనక కూడా అచ్చం ఇలాంటి వలే ఉండేది, వంకాయలకూ గోంగూరకూ. పిల్లకి నాన్న పెరడు గుర్తొచ్చి ఇక్కడా వేసుకుందని ముచ్చటపడ్డాను.

కొక్కెం తీసి లోపలికి వెళ్ళాను. లేత చిగుళ్ళు గోటితో గిల్లి కొంగులో వేసుకున్నాను. చిగురు గిల్లితే మొక్క గుబురవుతుంది, కాబట్టి పని కూడా చేసిపెట్టినట్టే. కొన్ని చిగుళ్ళకు గులాబీ రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. రెండు గుప్పిళ్ళు కోసుకుని, కొక్కెం జాగ్రత్తగా పెట్టి వచ్చాను.

సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి పప్పు సిద్ధం. హెలెనమ్మ మొదటి ముద్దకి ఆగింది. రెండో ముద్దకి ముఖం ఎర్రబడింది. మూడో ముద్దకి ముక్కు తుడుచుకుని గిన్నె నా వైపు జరిపింది, ఇంకా వెయ్యమని.

“కొండ మిరియం కదా. ఎక్కడిది పెద్దమ్మా?” అంది నీరజ.

“ఇంటి వెనకది.”

చుట్టుపక్కల ఆ మొక్క చాలానే ఉంది. అలిసిపోయి ఉన్న పిల్ల ఇంకేం అడగలేదు.

ఎనిమిదో కంచె

నాలుగో రోజు, ఆఖరి రోజు. ఏడు కంచెలు అయిపోయాయి, ఒక్కటే మిగిలిందన్నారు. నేను బూట్లు తొడుక్కోబోతే “అక్కర్లేదు, ఇక్కడే” అని నీరజ ఇంటి వెనక్కి నడిచింది. అది కణుజుతో పాటు వాలబీ కూడా దూరకుండా కన్నాలు దగ్గరగా అల్లిన వలట, చోటు ఇరుకు కాబట్టి అంత ఎత్తు లేకపోయినా కణుజు లోపలికి దూకదట. రస్ నోరు మూయించడానికి వేసినది. నేను వెనక వస్తుండగానే లోపలి నుంచి నీరజ గొంతు వినబడింది.

“హెలెన్.”

అంతే. ఆ పిలుపులో ఏముందో గాని హెలెనమ్మ చేతిలో టీ కప్పు నేల మీద పెట్టేసింది. ఇద్దరూ మొక్కల మీదికి వంగారు. చిగుళ్ళు లేవు.

“ఏదో లోపలికొచ్చింది పెద్దమ్మా. వల తెగిందేమో చూడు.”

నేనూ వల చుట్టూ తిరిగాను. నిజం చెబుతున్నాను, నాకింకా తట్టలేదు. పెరట్లో నిన్న నేను ఆకు కోశాను. ఇది కంచె. కంచెలో ఏదో దూరింది. ఈ రెండూ నా తలలో రెండు గదుల్లో ఉన్నాయి. చిల్లి దొరకలేదు. నేల మీద గిట్ట ముద్ర లేదు. పెంటిక లేదు.

“రస్ చెప్పినట్టు వాలబీయేనా?” అంది నీరజ నీరసంగా. “కణుజు కాదని తేలితే నా వాదనే పోతుంది.”

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. “ఉండు, కొరికినదాన్ని బట్టి నేను చెబుతా” అని కూర్చుని ఒక రెమ్మ పట్టుకున్నాను. “చూడు. కణుజుకి మేకలాగే పైన ముందుపళ్ళు ఉండవు. కింది పళ్ళతో నొక్కి లాగుతుంది. తెగిన చోట పీచు లేస్తుంది. ఇక్కడ పీచు లేదు, కాబట్టి కణుజు కాదు. ఇది నున్నగా తెగింది. పళ్ళతో కూడా కాదు. రెండు వైపులా నొక్కి, ఒక వైపు గోటితో…”

నా బొటనవేలి గోరు చూసుకున్నాను. గోటి సందులో ఆకుపచ్చ ఇంకా పోలేదు.

నీరజ నా వేలిని చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

“పప్పు” అంది.

“పెరడనుకున్నానే” అన్నాను.

ఆ పిల్ల ఒక దుంగ మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఒక్క మాట అడగాల్సింది పెద్దమ్మా” అంది.

“పెరట్లో ఆకు కొయ్యడానికి ఎవరైనా అడుగుతారా?”

హెలెనమ్మ ఏమంటోందని అడుగుతోంది. నీరజ చెప్పడం లేదు. మూడేళ్ళు నేను రెండు గుప్పిళ్ళు చేసి పప్పులో వేశాను. ఆమె రెండుసార్లు వేయించుకుని తింది కూడా. నాకు ఏం చెయ్యాలో తెలియక, ఇదొక్కటైనా చెబుదామని అన్నాను: “రిబ్బను కట్టినవి మాత్రం ముట్టుకోలేదు తల్లీ.”

నీరజ తలెత్తింది. “ఏమన్నావ్?”

“రిబ్బన్లు కట్టినవి. అవి విత్తనానికి వదిలినవి కదా.”

మన దగ్గర సొరకాయో బీరకాయో విత్తనానికి ఉంచితే దానికి గుడ్డపీలిక కడతాం. అది ఎవరి పెరడైనా సరే, గుడ్డ కట్టిన కాయను ఎవరూ కొయ్యరు. దొంగ కూడా కొయ్యడు, పక్కది కోసుకుపోతాడు. నీరజకు ఇది తెలుసు. అడవి క్వార్టర్సులో పెరిగిన పిల్ల.

లేచి పరుగెత్తింది. ఒక్కొక్క రిబ్బనూ పట్టుకుని చూస్తూ పైకి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు రిబ్బన్లు, ఇరవై నాలుగు చిగుళ్ళు. కొలవాల్సినవి సరిగ్గా అవే. మిగిలిన ఆకు లెక్కలో లేదట.

నీరజ అప్పుడు హెలెనమ్మకు మొత్తం కథ చెప్పింది, పప్పుతో సహా.  నిన్న తిన్నదేమిటో ఆమెకు అప్పుడే పూర్తిగా అర్థమైనట్టుంది. తర్వాత వరసగా ఏదో చెప్పింది.

“కొలత చెల్లుతుందంటోంది” అంది నీరజ. “కాని పక్క చిగుళ్ళు పోయాయి కాబట్టి దాచకూడదట, పుస్తకంలో రాయాలట.”

ఆ పుస్తకంలో ప్రతి కంచెకీ ఒక వరుస, ఏ జంతువు తిన్నదో రాయడానికి గడులు ఉన్నాయి. కణుజు, వాలబీ, వాంబాట్, తెలియదు. హెలెనమ్మ స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీసింది. పెన్సిల్ నా చేతికిచ్చింది.

నేను తీరుబడిగా, వొత్తులు తప్పకుండా రాశాను: పెద్దమ్మ. రెండు గుప్పిళ్ళు. పప్పులోకి.

తిరుగు దారి

వచ్చేటప్పుడు రస్ జీపు ఎదురొచ్చింది. నీరజ అద్దం దించి జరిగింది చెప్పేసరికి అతను స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. తేరుకుని, “నేను చెప్పలేదా, కణుజుది తప్పు కాదని” అన్నాడట.

జనవరి ఒకటిన వెర్రిబీలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మధు పక్క సీటువాడు కూడా పనిమంతుడే అని తేలింది. ఆ నెలంతా మూడు పూటలా అన్నమే తిన్నాం.

ఇంటికి వచ్చిన ఎనిమిది నెలలకు నీరజ నుంచి కవరు వచ్చింది. చదువు పాసయింది. కంచె లోపల, కంచె బయట అని గీసిన పట్టీ ఒకటి జిరాక్సు తీసి పంపింది. కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే మా బడి పంతులు చదివి చెప్పాడు: ఎనిమిదో కంచెలో ఒకసారి మనిషి చిగుళ్ళు కోశారు, గుర్తు కట్టిన చిగుళ్ళకు నష్టం లేదు. కవరులో హెలెనమ్మ పంపిన గులాబీ రిబ్బను చుట్ట కూడా ఉంది.

ఆ వారమే దడి మీది సొరకాయ ఒకటి విత్తనానికి వదిలి, పాత గుడ్డకు బదులు ఆ విదేశీ రిబ్బను కట్టాను. ఊరంతా చూశారు. ఒక్కరూ ముట్టుకోలేదు.

మూడో రోజు పొద్దున చూస్తే కాయ లేదు, తీగ లేదు, దడిలో కొంత భాగం కూడా లేదు. ఎవరి చేలోనైనా పడుతుందని నేను పుస్తకంలో రాసిచ్చినా మా ఆయన చదవలేకపోయిన మేక దడి పక్కనే పడుకుని నెమరు వేస్తోంది. గులాబీ కొస మూతి పక్కన వేలాడుతోంది. దాన్ని లాగి తీసి, నా పుస్తకం తెచ్చుకుని తేదీ వేసి, ఒక గడి గీసి రాశాను: మేక. సొరకాయ ఒకటి. కొరికిన చోట పీచు లేచింది.